డోలీ మొయ్యడానికి ఎంతమంది ఉన్నారు?

రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాది పేపర్ మిల్లులో ఉద్యోగం. వచ్చే ఏడాది ఎవరెస్ట్ వెళ్దామని నాలుగేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను, మిగతాది లోను. దారిలో ఎవరైనా పడిపోయి కనిపిస్తే ఆగాలా? ఆగితే నువ్వూ పోతావంటున్నారు. ఆగకపోతే ఆ పాపం నాకు అంటుకోదా? అక్కడ అందరూ దాటి వెళ్లిపోతారట, నిజమేనా?"

నిజమే తమ్ముడూ, చాలామంది దాటి వెళ్తారు. నువ్వు మాత్రం ఆగాలి. ఆగి, దగ్గరికి వెళ్లి, మొహంలోకి చూసి, మాట్లాడించాలి. మోసుకురాగలవా లేదా అన్నది ఆ తర్వాతి లెక్క. జనం ఈ రెండో లెక్క ముందు వేసుకుంటారు. దానికి జవాబు "లేదు" అని వస్తుంది కాబట్టి మొదటి పని కూడా మానేస్తారు.

నా సంగతి ముందే చెప్పేస్తాను. మాది పర్లాకిమిడి. ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు చేసి ఇరవై ఆరేళ్లయింది. ఆరు వేల మీటర్ల కొండలు చాలానే ఎక్కాను. ఏడు వేలు దాటింది ఒక్కసారే, గంగోత్రి పైన సతోపంత్, 7,075 మీటర్లు. ఎవరెస్ట్ ఎక్కలేదు, బేస్ క్యాంపు దాకా రెండుసార్లు వెళ్లి వచ్చాను. పైన ఏం జరుగుతుందో అక్కడ పని చేసినవాళ్ల దగ్గర కూర్చుని విన్నాను. మిగతా కాలమంతా ఇక్కడే, కాలేజీ పిల్లల్ని మహేంద్రగిరికీ, కోరాపుట్ వైపు దేవమాలికీ తిప్పుతుంటాను. మహేంద్రగిరి 1,501 మీటర్లు, దేవమాలి 1,672. హిమాలయాల వాళ్లు వింటే నవ్వుతారు. కానీ నీ ప్రశ్నకి జవాబు నేను మొదట నేర్చుకున్నది ఈ చిన్న కొండల్లోనే.

2011 వానాకాలం. మహేంద్రగిరి దిగుతుంటే పై నుంచి ఒక డోలీ వచ్చింది. సవర పల్లె నుంచి నిండు గర్భిణి. వెదురు బొంగుకి దుప్పటి ముడేసి, అందులో ఆమెను పడుకోబెట్టి, ఇద్దరు మోస్తున్నారు, నలుగురు పక్కన నడుస్తున్నారు. మేం దారి ఇచ్చి నిలబడ్డాం. ముందు మోస్తున్నాయన నా వైపు చూసి, సాయం చేస్తారా అనీ అడగలేదు, చేతులూ జోడించలేదు. "తువ్వాలు భుజాన వేసుకో, లేకపోతే బొంగు కోస్తుంది" అన్నాడు. అంతే, నా వంతు వచ్చేసింది. దిగుడులో వెనక మోసేవాడికే కష్టం ఎక్కువ. కాలు ఎక్కడ పెడుతున్నాడో కనపడదు, ముందువాడు ఒక్కసారి జారితే బరువంతా మెడ మీదికి వస్తుంది. పావుగంటకే నా పని అయిపోయింది. ఆ మనుషులు మాత్రం రెండు గంటలుగా మోస్తున్నారు.

కింది పల్లె చేరేసరికి మరో నలుగురు ఇళ్లలోంచి వచ్చి బొంగు అందుకున్నారు. పొద్దున్నే వాళ్లకి కబురు వెళ్లిందట. మీ ఊళ్లో మగవాళ్లు తక్కువైతే ఏం చేస్తారని దారిలో అడిగాను. అలాంటప్పుడు ముందు పక్క పల్లెకి మనిషిని పంపి, వాళ్లు బయల్దేరాకే డోలీ ఎత్తుతారట. నడి దారిలో భుజాలు అయిపోతే రోగినీ దించాలి, తామూ అక్కడే కూలబడాలి. అందుకని ఎత్తకముందే భుజాలు లెక్కపెట్టుకుంటారు. (ఆ రోజు రోడ్డు మీద 108 బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. అది వేరే కథ.)

ఇప్పుడు ఈ లెక్కనే ఎనిమిది వేల మీటర్ల పైకి తీసుకెళ్లు. ఎవరెస్ట్ శిఖరం మీద గాలి పీడనం సముద్రం దగ్గరున్న మన బరంపురంలో ఉన్నదానిలో మూడో వంతు. అక్కడ ఒంటరిగా నడిచేవాడే అడుగుకి రెండు మూడు సార్లు ఊపిరి తీసుకుని ఆగుతాడు. మా కొండ మీద ఆరుగురు మోసిన మనిషిని అక్కడ దించాలంటే ఎనిమిది, పది మంది గట్టి షెర్పాలు (ఆ కొండల్లో దారి చూపి, బరువులు మోసే నేపాలీలు) కావాలని ఆ పని చేసినవాళ్లే చెప్తారు. నీ దగ్గరున్న సిలిండర్ నాలుగు లీటర్లది, 300 బార్ పీడనంతో నింపుతారు, అంటే సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే పది గంటలు. నాలుగు లీటర్లు పెడితే ఐదే గంటలు. సౌత్ కోల్ దగ్గరి నాలుగో క్యాంపు (శిఖరానికి ముందు ఆఖరిది) నుంచి శిఖరానికి వెళ్లి వెనక్కి రావడానికి పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు పడుతుంది. నీ సిలిండర్ తీసి పక్కవాడి మాస్కుకి తగిలించాక నీకెంత మిగులుతుందో ఇక్కడే కాగితం మీద వేసి చూసుకో. పైకెళ్లాక ఈ పాటి కూడిక కూడా చేతకాదు, మెదడు మొద్దుబారిపోతుంది.

హెలికాప్టర్ ఉందిగా అంటావేమో. మామూలుగా అది వచ్చేది 6,400 మీటర్ల దగ్గరున్న రెండో క్యాంపు దాకానే. 2005లో ఫ్రెంచ్ పైలట్ దిదియే దెల్సాల్ ఏకంగా శిఖరం మీదే ఆనించాడు, 2013లో 7,800 మీటర్ల నుంచి ఒకర్ని తాడుకి వేలాడదీసి దించారు. రెండూ నిజాలే. ఆ రోజు గాలి కలిసొచ్చింది, బండి ఖాళీగా ఉంది, పైలట్ అసాధ్యుడు. నువ్వు పడిపోయిన రోజున ఈ మూడూ కలిసిరావు.

మా బావ ఒకాయన ఉన్నాడు, కాశీనగర్‌లో ఎరువుల షాపు. నేను కొండకి బయల్దేరిన ప్రతిసారీ "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని గుర్తు చేసి మరీ పంపిస్తాడు. సామెతలో తప్పేం లేదు. నీ ప్రాణం పణంగా పెట్టి తీరాలని ఏ ధర్మమూ నిన్ను కట్టెయ్యదు. కానీ పర్వతారోహణలో ఈ సామెతని చాలామంది మరో పనికి వాడుకుంటున్నారు. "నా ప్రాణం మీదికి వస్తుంది" అని పైకి అంటూ, లోపల "నా శిఖరం పోతుంది" అనుకుంటారు. ఈ రెండూ ఒకటి కావు. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వాళ్లు 2002లో టిరోల్ ప్రకటన అని ఒకటి తెచ్చారు. ఆపదలో ఉన్నవాడికి సాయపడటం మనం పెట్టుకున్న ఏ లక్ష్యం కన్నా ముందు వస్తుందని అందులో స్పష్టంగా ఉంది. శిఖరం వదులుకోవాల్సిందే అంటుంది. ప్రాణం వదులుకోమని మాత్రం ఎక్కడా అనదు.

2006 మే నెలలో పదకొండు రోజుల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. రెండూ ఎవరెస్ట్ ఉత్తర వైపే. మొదటివాడు డేవిడ్ షార్ప్, ఇంగ్లండ్ మనిషి, 34 ఏళ్లు. షెర్పా లేడు, రేడియో లేదు, ఆక్సిజన్ రెండే సీసాలు. దిగుతూ సుమారు 8,500 మీటర్ల దగ్గర ఒక రాతి చూరు కింద కూర్చుండిపోయాడు. దాదాపు నలభై మంది అతన్ని దాటి వెళ్లారని అప్పట్లో పత్రికలు రాశాయి. కొందరు చీకట్లో అసలు చూడలేదన్నారు. కొందరు, అక్కడ ఏళ్లుగా ఉన్న ఆకుపచ్చ బూట్ల శవం అనుకున్నామన్నారు. మరికొందరు దిగేటప్పుడు ఆగి, ఆక్సిజన్ పెట్టి, లేపి నిలబెట్టాలని చూశారు, కాళ్లు నిలవలేదు. అతను పోయాడు. ఎడ్మండ్ హిల్లరీ బాహాటంగానే మండిపడ్డాడు, మా కాలంలో అయితే మనిషిని రాతి కింద వదిలేసి పోయేవాళ్లం కాదని.

రెండోవాడు లింకన్ హాల్, ఆస్ట్రేలియా. శిఖరం ఎక్కి దిగుతూ కూలిపోయాడు. వెంట ఉన్న షెర్పాలు గంటల తరబడి దించే ప్రయత్నం చేశారు, చివరికి ప్రాణం లేదనుకుని, బృంద నాయకుడి ఆదేశం వచ్చాక వదిలి దిగారు. ఇంటికి చావు కబురు కూడా వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున డాన్ మజూర్ బృందం పైకి వెళ్తూ చూస్తే 8,600 మీటర్ల దగ్గర టోపీ లేకుండా, గ్లవ్స్ లేకుండా, సూటు సగం విప్పుకుని కూర్చుని ఉన్నాడు. శిఖరం ఇంకో రెండు గంటల దూరం, ఆకాశం నిర్మలంగా ఉంది. ఆ నలుగురూ అక్కడే ఆగిపోయారు. టీ, ఆక్సిజన్ ఇచ్చి, రేడియోలో చెప్పి, కింది నుంచి షెర్పాల జట్టు వచ్చేదాకా కదల్లేదు. హాల్ బతికి ఇంటికెళ్లాడు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి "వాళ్లు చెడ్డవాళ్లు, వీళ్లు మంచివాళ్లు" అని తేల్చేస్తే సుఖంగా ఉంటుంది. నాకు మాత్రం మొదట కనిపించేది మరొకటి. హాల్ వెనక పెద్ద బృందం ఉంది, రేడియో ఉంది, కబురు అందుకుని పైకి రాగల షెర్పాలు ఉన్నారు, వాళ్లకి మిగులు ఆక్సిజన్ ఉంది. అంటే కింది పల్లెలో భుజాలు సిద్ధంగా ఉన్నాయి. షార్ప్ వెనక ఎవరూ లేరు. పైగా హాల్ ఇంకా కూర్చోగలిగాడు, మాట్లాడగలిగాడు, కొంత నడవగలిగాడు. ఆ ఎత్తున నడవలేనివాడికీ నాలుగడుగులు వెయ్యగలిగినవాడికీ మధ్య తేడా చావు బతుకుల తేడాయే. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. షార్ప్‌ని పైకి వెళ్తూ చూసిన మొదటి పది మందిలో ఒక్కడు ఆగి, మొహం చూసి, రేడియోలో మాట్లాడి ఉంటే ఏమయ్యేదో. బతికేవాడని నేననను. ఆ ఒక్కడు ఆగలేదన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇక నా తప్పు. ఎవరికీ పూర్తిగా చెప్పలేదు ఇన్నాళ్లూ.

2014 ఆగస్టు, లడఖ్‌లో స్టోక్ కాంగ్రి, 6,153 మీటర్లు (2020లో మూసేశారులే). రాత్రి పదకొండుకి బేస్ క్యాంపులో బయల్దేరి తెల్లారేసరికి కొండ భుజం మీదికి, అంటే శిఖరం కింది గట్టు మీదికి చేరాం. నలుగురం, అందరం ఉత్తరాంధ్ర, గజపతి వాళ్లమే. అక్కడ వేరే బృందం మనిషి ఒకాయన రాయికి ఆనుకుని కూర్చున్నాడు. వాళ్ల గైడు మిగతావాళ్లతో ముందుకి వెళ్లిపోయాడట. నేను నడుస్తూనే "ఠీక్ హో?" అన్నాను. బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ చేతికి గ్లవ్ లేదు. ఎడమ గ్లవ్ పక్కన మంచు మీద పడి ఉంది, అరచేయి పైకి పెట్టినట్టు. చూశాను. బాగా గుర్తు, చూశాను. ఎదురుగా శిఖరం గులాబీ రంగులో మెరుస్తోంది, మావాళ్లు ముందు నడుస్తున్నారు. వాళ్ల గైడు వచ్చి చూసుకుంటాడులే అనుకున్నాను.

రెండున్నర గంటల తర్వాత దిగొచ్చాం. అదే రాయి, అదే మనిషి, గ్లవ్ అక్కడే ఉంది. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని మొహంలోకి చూశాను. "బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు హిందీలో, చాలా మర్యాదగా. ఎత్తు వల్ల మెదడులో వాపు మొదలైంది. లేపి, ఒక కాలి వేళ్లకి ఇంకో కాలి మడమ ఆనేలా సరళ రేఖలో నడవమన్నాం. రెండో అడుగుకే పక్కకి ఒరిగిపోయాడు. ఇది నువ్వూ నేర్చుకో, తాగినవాణ్ణి నడిపించి చూసే పరీక్షలాంటిదే. ఫెయిలయితే వెంటనే కిందికి దించడం తప్ప ఇంకో వైద్యం లేదు, మందులన్నీ ఆ దించేలోపు ప్రాణం నిలబెట్టడానికే. నా దగ్గర డెక్సామెథాసోన్ (ఆ వాపు తగ్గించే మందు) ఉంది, కోర్సులో నేర్పినట్టు ఇచ్చాను. చేతిని నా జాకెట్ లోపల చంకలో పెట్టుకున్నాను, చెక్క ముక్కలా ఉంది. పొట్టి తాడు కట్టి, ఒకరు ముందు ఇద్దరు వెనక, బేస్ క్యాంపు దాకా ఐదు గంటలు. అక్కణ్ణుంచి గుర్రం. బతికాడు. రెండు వేళ్లు పోయాయి.

ఆయన ఇప్పటికీ దసరాకి ఫోన్ చేస్తాడు, మీరు లేకపోతే నేను లేను అంటాడు. పైకి వెళ్తూ దాటి వెళ్లినవాణ్ణి కూడా నేనేనని ఆయనకి గుర్తు లేదు. ఆ రెండున్నర గంటలకీ ఆ రెండు వేళ్లకీ సంబంధం ఉందని ఏ డాక్టరూ రాసివ్వక్కర్లేదు, నాకు తెలుసు.

అందుకే చెప్తున్నాను, "బాగున్నావా" అని అడిగితే సరిపోదు. ఆ ఎత్తున ప్రతివాడూ బాగున్నానంటాడు. పేరు అడుగు, ఏ బృందమో అడుగు, నిన్న రాత్రి ఏం తిన్నాడో అడుగు. గ్లవ్ తీసేసినా, జిప్ విప్పేసుకున్నా అతనికి ఉక్కపోస్తోందని అనుకోకు. చలి బాగా ముదిరిన మనిషికి ఒళ్లు కాలిపోతున్నట్టు అనిపించి బట్టలు తీసేస్తాడు. పూర్తిగా కదలిక లేకపోయినా నీ అంతట నువ్వు "పోయాడు" అని తేల్చకు. చల్లబడిన ఒంటిని వెచ్చబరచి చూసేదాకా డాక్టర్లే ఆ మాట అనరు. 2023 ఏప్రిల్‌లో మన రాజస్థాన్ కుర్రాడు అనురాగ్ మాలూ అన్నపూర్ణ మీద మంచు పగుల్లో పడిపోయాడు. మూడు రోజుల తర్వాత పోలండ్ ఆరోహకుడు ఆడమ్ బీలెస్కీ వాళ్లూ షెర్పాలూ దిగి చూస్తే ఊపిరి ఉంది. ఇవాళ తిరుగుతున్నాడు.

ఆ బీలెస్కీయే 2018 జనవరిలో, నడి చలికాలంలో, ప్రపంచంలో రెండో ఎత్తైన కొండ కె2 బేస్ క్యాంపు నుంచి హెలికాప్టర్‌లో నంగా పర్బత్ అనే మరో కొండకి వెళ్లి, దెనిస్ ఉరుబ్కోతో కలిసి రాత్రంతా ఎక్కి ఎలిజబెత్ రెవోల్ అనే ఫ్రెంచ్ ఆవిణ్ణి దించుకొచ్చాడు. ఆవిడ తోడు తోమెక్ ఇంకా పైన, 7,000 మీటర్ల ఎగువన ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే ఆవిడ దక్కదు, వాతావరణం చెడిపోతోంది. ఒకర్ని తెచ్చారు, ఒకర్ని వదిలారు. ఈ ఇద్దర్నీ వేలెత్తి చూపినవాళ్లు తక్కువ. మొదట వచ్చారు కదా, చూశారు కదా, ఆ తర్వాత తేల్చుకున్నారు.

మన దేశం వాళ్ల కథా ఒకటుంది, అది తేలని కథ. 1996 మే 10న ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు ముగ్గురు, సెవాంగ్ సమన్లా, సెవాంగ్ పాల్జోర్, దోర్జే మోరుప్, ఉత్తర వైపు తుపానులో చిక్కుకున్నారు. మర్నాడు పైకి వెళ్తున్న జపాన్ బృందం దారిలో మనుషుల్ని చూసి కూడా ఆగలేదని మనవాళ్లు ఆరోపించారు. వాళ్లు ఆపదలో ఉన్నారని తమకి తెలీదని జపాన్ వాళ్లు. ఆ గొడవలోనే జపాన్ వాళ్లలో ఒకాయన, ఎనిమిది వేల మీటర్ల పైన నీతి గురించి ఆలోచించే స్తోమత మనిషికి ఉండదన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట అప్పట్నుంచీ అందరికీ వాటంగా దొరికింది. నేనైతే ఒప్పుకోను. 1953లో కె2 మీద అమెరికన్ బృందం, ఆర్ట్ గిల్కీ కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి కదల్లేకపోతే, తుపానులో అతన్ని సంచిలో చుట్టి దించడానికి పూనుకుంది. దించలేమని వాళ్లకీ దాదాపు తెలుసు. ఒకరు జారి మరో నలుగుర్ని లాగేస్తే పీట్ షోనింగ్ అనే కుర్రాడు ఒక్క మంచు గొడ్డలి ఆసరాతో ఆ తాళ్లన్నీ పట్టి ఆపాడు. గిల్కీ చివరికి కొట్టుకుపోయాడు. అప్పట్లో వాళ్లకి ఆక్సిజనూ లేదు, హెలికాప్టరూ లేదు. వాళ్లకున్న స్తోమత ఇప్పుడు లక్షలు పోసి వెళ్లేవాడికి లేకుండా ఎలా పోయిందో నాకర్థం కాదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను, దీని గురించి ఎవరూ మాట్లాడరు. "నేనైతే ఆగి కాపాడతాను" అని నువ్వు గొప్పగా అనుకోవచ్చు. మోసేది ఎవరు? నువ్వు మొయ్యలేవు తమ్ముడూ. నేనూ మొయ్యలేను. మొదటిసారి ఎనిమిది వేలు దాటిన మనిషి తన కాళ్లు తను మోసుకుంటే చాలు. మోసేది షెర్పా. అంటే నీ ధర్మం అతని భుజం మీద జరుగుతుంది. 2023 మేలో గెల్జే షెర్పా అనే కుర్రాడు తన క్లయింట్‌ని శిఖరానికి తీసుకెళ్తూ, పైన తాడు పట్టుకుని వణికిపోతున్న మలేషియా ఆయన్ని చూశాడు. శిఖరం వద్దని క్లయింట్‌ని ఒప్పించి వెనక్కి తిప్పాడు. పడుకునే చాపలో ఆ మనిషిని చుట్టి, వీపుకి కట్టుకుని, మోస్తూ, ఈడుస్తూ ఆరు గంటలు దిగాడు. బతికి బయటపడ్డాయన మొదట స్పాన్సర్లకి కృతజ్ఞతలు చెప్పాడు, గెల్జే పేరు ఎత్తలేదు. ఊరూవాడా తిట్టాక చెప్పాడు.

అదే ఏడాది జులై 27న కె2 మీద తిరగబడ్డ కథ. పడిపోయింది మోసేవాడే. మొహమ్మద్ హసన్, పాకిస్తాన్ కూలీ, 27 ఏళ్లు, ముగ్గురు పిల్లలు. 8,200 మీటర్ల దగ్గర ఇరుకు దారిలో జారి తాడుకి వేలాడాడు. కొందరు గంటల తరబడి ప్రయత్నించామన్నారు, అది అబద్ధమని నేననను. కానీ ఆ రోజు వందకి పైగా మనుషులు శిఖరం చేరారు, వాళ్లలో ఎంతోమంది అతని మీదుగా కాలు వేసి దాటారు. డ్రోన్ వీడియోలో అదంతా ఉంది. నన్ను ఒకటే తొలిచింది. డబ్బు కట్టి వచ్చిన విదేశీయుడు అక్కడ పడి ఉంటే ఆ వరస అలాగే సాగేదా? మన ఏజెన్సీ కొండల్లో డోలీ మోసేవాడే జబ్బుపడితే ఎవరు మోస్తారని ఎవరైనా అడుగుతారా? ఆ పల్లెలో అడగక్కర్లేదు, వాళ్లే మోస్తారు. గోపాల్‌పూర్ మన నోలియా జాలరులదీ ఇదే తీరు, ఒక పడవ తిరిగిరాకపోతే మిగతా పడవలు వేటకి వెళ్లవు, వెతకడానికి వెళ్తాయి. రేపు తనకీ ఆ అవసరం రావచ్చని ప్రతివాడికీ తెలుసు. ఎవరెస్ట్ మీద కలిసేవాళ్లు మళ్లీ జన్మలో కలవరు, అదీ తేడా.

చట్టం ఏమంటుందంటావేమో, రెండు మాటలు. ఫ్రాన్స్, జర్మనీల్లో చెయ్యగలిగి కూడా సాయం చెయ్యకపోవడం నేరం. సముద్రంలో ఓడ కెప్టెన్‌కీ ఆ బాధ్యత ఉంది. మన దేశంలో దారినపోయేవాడి మీద అలాంటి బాధ్యత పెట్టే మామూలు చట్టం లేదు, రోడ్డు ప్రమాదంలో సాయపడినవాణ్ణి వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో సవరణ తెచ్చారు, అంతవరకే. కొండ మీద నిన్ను ఏ పోలీసూ అడగడు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది చాలావరకు రాయగడలో ఉన్నప్పుడే చెయ్యాలి. కంపెనీని ఎంచుకునేటప్పుడు తక్కువ రేటు చూసి మురిసిపోకు. ఒక్కో క్లయింట్‌కి ఎంతమంది షెర్పాలు, నాలుగో క్యాంపులో ఎవరికీ కేటాయించని సిలిండర్లు ఎన్ని ఉంటాయి, అందరి దగ్గరా రేడియో ఉంటుందా, శిఖరం రోజున కింద సిద్ధంగా కూర్చునే షెర్పాలు ఉంటారా అని అడుగు. జవాబు నసుగుతూ వస్తే అక్కడ భుజాలు లేవన్నమాట. నీ షెర్పాకి ఇన్సూరెన్స్ ఎంత ఉందో కూడా అడుగు. అడిగే క్లయింట్లు లేకే అది అంతంతమాత్రంగా ఉంది. ఆపైన అతనితో బేస్ క్యాంపులోనే కూర్చుని మాట్లాడుకో: దారిలో ఎవరైనా కనిపిస్తే నేను శిఖరం వదులుకుంటాను, వెనక్కి తిరిగినా నీ శిఖరం బోనస్ నీకిస్తాను, మొయ్యాలా వద్దా అన్నది నీ నిర్ణయం అని. ఈ మాట ముందు చెప్పకపోతే, పైన అతను నీ శిఖరం కోసం నోరు మూసుకుంటాడు. అతని సంవత్సరం సంపాదన ఆ రెండు నెలల్లోనే ఉంది.

తిరుగు టైమ్ సంగతి, అంటే శిఖరం అందినా అందకపోయినా వెనక్కి తిరగాల్సిన గంట. 2019 మే 22 నాటి ఫోటో నువ్వూ చూసే ఉంటావు, శిఖరం కింద సినిమా టిక్కెట్లకి నిలబడ్డట్టు క్యూ. ఆ ఏడాది నేపాల్ ఇచ్చిన పర్మిట్లు 381, ఎవరెస్ట్ మీద పోయినవాళ్లు పదకొండు మంది. ఒడిశా నుంచి తొలిసారి ఎవరెస్ట్ ఎక్కిన మహిళ, ధెంకానాల్ లాయరు కల్పనా దాస్, మర్నాడే దిగుతూ పోయారు. ఆవిడ 2008లో ఒకసారి ఎక్కి దిగిన మనిషి, కొత్తవారు కారు. మన తెలుగువాడు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు, వెతికి పట్టుకోవడానికే పది రోజులు పట్టింది. నీకంటే, నాకంటే ఎన్నో రెట్లు గట్టివాళ్లు వీళ్లు. దారిలో పడి ఉన్నవాడి గురించి అడిగావు, ఆ పడి ఉండేది నువ్వే అయితే ఏం చేస్తారని అడగలేదు. గంట ఇంతయ్యేసరికి ఎక్కడున్నా తిరిగొస్తానని కాగితం మీద రాసి మీ అమ్మగారికి ఇచ్చి వెళ్లు. నువ్వు పడిపోతే పక్కవాడి మీద పడే బరువు అక్కడే సగం తగ్గుతుంది.

లోను గురించి కూడా చెప్పాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా. గురుకుల పాఠశాల పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కినప్పట్నుంచి మన పిల్లలు చాలామంది బయల్దేరుతున్నారు, సంతోషమే. కానీ అప్పు చేసి, ఊళ్లో ఫ్లెక్సీలు కట్టించుకుని, ఎమ్మెల్యే చేత జెండా ఊపించుకుని వెళ్లినవాడు శిఖరానికి రెండు గంటల దూరంలో ఎవరి కోసమూ వెనక్కి తిరగలేడు. కట్టిన డబ్బే కాళ్లని పైకి తోస్తుంది. మజూర్ వాళ్లకి ఆ ఫ్లెక్సీ లేదు. శిఖరం దక్కకపోయినా మిల్లుకి తిరిగొచ్చి ఆ కిస్తీలు కట్టుకోగలనని నీకు గట్టిగా అనిపించినప్పుడే వెళ్లు. లేదంటే ఇంకో రెండేళ్లు ఆగు, కొండ ఎక్కడికీ పోదు.

ఇవన్నీ చేశాక కూడా ఒక్కోసారి ఏమీ చెయ్యలేవు. భుజాలు ఉండవు, ఆక్సిజన్ నీకే చాలదు, అతను నిలబడలేడు. అప్పుడు కూడా మూడు పనులు ఉంటాయి. రేడియోలో అతను ఎక్కడున్నాడో, బట్టల రంగేమిటో, స్పృహ ఉందో లేదో చెప్పు, కింద ఎవరైనా కదలగలరేమో. గాలి తగలకుండా రాతి చాటుకి జరిపి, తాడుకి క్లిప్ చెయ్యి. పేరు అడిగి తెలుసుకో. ఇంట్లోవాళ్లు తర్వాత నిన్ను వెతుక్కుంటూ వస్తారు, ఆఖర్న ఎవరైనా పక్కన ఉన్నారా, ఏమైనా అన్నాడా అని అడుగుతారు. మస్తాన్‌బాబు ఇంటివాళ్లకి చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

వచ్చే నెల రెండో ఆదివారం మహేంద్రగిరి పాత కాలిబాటలో డోలీ ప్రాక్టీసు పెట్టాం. డెబ్బై కిలోల ఇసుక బస్తా, ఆరుగురు, పై నుంచి కింది దాకా. శనివారం రాత్రికి పర్లాకిమిడి బస్టాండులో దిగు, మా ఇంట్లో పడుకుందువుగాని. బూట్లు ఏవైనా ఫర్వాలేదు. మందపాటి తువ్వాలు ఒకటి తెచ్చుకో.